దిక్కులేనోళ్ల బంతి

పోలీస్ యాక్షన్ అయిన మూడో ఏడు వానలు మొహం చాటేశాయి. కొమురెల్లి బొంబాయి మిల్లు పనికి పోయి అప్పటికే రెండేళ్లు. ఉత్తరం ముక్క లేదు. కరీంనగర్ పక్కపల్లెలో, ఆ ఇంట్లో మిగిలింది అతని తల్లి ఐలవ్వ, పెళ్లాం కిష్టవ్వ, నాలుగేళ్ల కూతురు రాజవ్వ. కిష్టవ్వ కరువు పనిలో పొద్దంతా మట్టి మోస్తే మానెడు జొన్నలు దొరికేవి. ఐలవ్వ గట్క కాచి ముగ్గురికీ పోసేది. తన గిన్నెలో మాత్రం పైన తేలిన నీళ్లే.

ఒక పొద్దున లేచేసరికి ఐలవ్వ లేదు. ఊరి బావులన్నీ వెతికారు. వారానికి, వేములవాడ శివరాత్రి జాతరకు పోయొచ్చిన పక్కింటి శంకరవ్వ చెప్పింది.

"మీ అత్త ఆడ సత్రంల కూసున్నది. పిలిస్తే పలుకలే."

పిల్లను శంకరవ్వకు అప్పజెప్పి కిష్టవ్వ నడిచింది. సాయంత్రానికి చేరింది. సత్రం ముందు విస్తళ్ల బంతి. చివరన అత్త.

"అత్తా!"

ఐలవ్వ తలెత్తింది. "ఎవలు బిడ్డా నువ్వు? నాకెవ్వలు లేరు" అంది.

పక్కనున్న ముసలివాళ్లు జాలిగా చూశారు. కిష్టవ్వ గోడవారగా నిలబడిపోయింది.

తిన్నాక, చేయి కడుక్కునే నెపంతో ఐలవ్వ ఆమె దగ్గరకు వచ్చింది.

"పిచ్చిదానా, అందరి ముంగట అత్తా అంటవా? ఈడ దిక్కులేనోళ్లకే బువ్వ. కోడలున్నదంటే ఎల్లగొడ్తరు."

"ఇంటికి పోదాం పా. ఉన్నదే తిందాం."

"ఉన్నది పిల్లకే సాలుతలేదు. గంప మోసేదానివి, నీకు బలం గావాలె. వానలు పడ్డంక రా, వస్త."

కోడలి చెంప ఒక్కసారి తడిమి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసి, వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక రాజవ్వ అడిగింది. "నాయినమ్మేది?"

"దేవుని దగ్గరున్నది."

అన్నాక ఆ మాట కిష్టవ్వకే కలుక్కుమంది.

ఆ వానాకాలం వానలు బాగానే పడ్డాయి. మక్కకంకులు చేతికొచ్చిన వారమే పోయి అత్తను తీసుకొచ్చింది. ఐలవ్వ వచ్చింది గాని మాట పడిపోయినట్టే. గిన్నె ఇస్తే మూలకు పోయి, గోడవైపు తిరిగి, ఎవరో లాక్కుంటారన్నట్టు గబగబా తినేది. రాజవ్వ నవ్వేది. కిష్టవ్వ రెండు పూటలు చూసింది. ఆ తర్వాత తన గిన్నె కూడా పట్టుకొని పోయి, అత్త పక్కనే గోడవైపు తిరిగి కూర్చుంది.

ఐలవ్వ తల తిప్పలేదు.