తలుపు పరీక్ష

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్లు: వీధి తలుపు పక్కన పడక్కుర్చీలో నాయనమ్మ, ముందు గదిలో బల్ల దగ్గర పెద్దనాన్న, ఆయన పక్కన మందుల షాపాయన, వెనక గదిలో కుట్టు మిషను ముందు అమ్మ, అమ్మ వెనక బట్టల మూట మీద నేను. ఇంకా వరండాలో, వేషం కోసం వచ్చిన ఆడవాళ్లు ఆరుగురు. ఎవరికి వాళ్లు గోడవైపు తిరిగి గొణుక్కుంటున్నారు. నాన్న కూడా ఉండాల్సిందే గానీ, గుమ్మంలో అన్ని చెప్పులు చూడగానే ఏదో పని గుర్తొచ్చిందని వెళ్లిపోయాడు.

పెద్దనాన్న బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఊళ్లోవాళ్లతో ఏడాదికో నాటకం వేయిస్తాడు. నాటకాలు వేసే హాల్లో మైకు ఉంది గానీ, ఎప్పుడు మాట్లాడాలన్నది దాని ఇష్టం. అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టాడు. వేషం కావాలన్నవాళ్లు లోపలి గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని మాటలు చెప్పాలి. బయట కూర్చున్నవాళ్లు వినాలి. మొహం, చీర, చుట్టరికం ఏవీ కనబడవు. గొంతొక్కటే. దీన్ని అందరూ తలుపు పరీక్ష అంటారు. ఇందులో నెగ్గినవాళ్లు తర్వాత బయటికొచ్చి అందరి ముందూ ఒకసారి చెప్పి చూపించాలి.

నాయనమ్మకు కాస్త చెవుడు. అందుకే ఆమె మా నాటకాలకు చివరి వరుస. మాట వినబడితే చేతికర్ర ఎత్తుతుంది. వినబడకపోతే నిద్రపోతుంది.

ఈసారి హాల్లో నేల బాగుచేస్తున్నారని పరీక్ష మా ఇంట్లో పెట్టారు. నాటకం రాసింది మందుల షాపాయన. అద్దెకుండే ఒక టీచరమ్మ ఇంటామెకు తెలియకుండా గదిలో మేకను పెంచుతుంటుంది. ఇంటామె వచ్చి తలుపు బాదుతుంటుంది. అదీ కథ. వచ్చిన ఆరుగురికీ టీచరమ్మ వేషమే కావాలి. తెల్ల జుట్టు, వంగిన నడుము, నోరు తెరిస్తే అరుపు, ఆ ఇంటామె వేషం ఎవరికీ వద్దు.

"నాకింకా అంత వయసు రాలేదు బావగారూ," అంది మా పిన్ని. ఆమె బేకరీలో పనిచేస్తుంది.

"వేషానికి వయసేమిటమ్మా?"

"మీరు ఊరుకోండి. ఒకసారి ముసలి వేషం వేశానంటే రేపట్నించి బేకరీకొచ్చే ప్రతివాడూ నన్ను మామ్మగారూ అంటాడు."

పెద్దనాన్న మందుల షాపాయన వైపు తిరిగాడు. "ఎవరూ దొరక్కపోతే రాసినాయనే వేసుకోవాలి. మీసం తీసేసి."

మందుల షాపాయన రెండు చేతులతోనూ మీసం కప్పుకున్నాడు. ఆ మీసం ఆయనకు పెళ్లికి ముందునుంచీ ఉంది.

ఆ వేషం నాకు కావాలి. ఈ సంగతి నా డైరీకి తప్ప ఎవరికీ తెలియదు. ఆరుగురికీ నాటకం కాపీలు రాసిచ్చింది నేనే. రాస్తూ రాస్తూ ఇంటామె మాటలన్నీ నోటికొచ్చేశాయి. గిన్నెలు కడిగేటప్పుడు గిన్నెలతోనూ, బట్టలు ఆరేసేటప్పుడు బట్టలతోనూ అవే మాటలు మాట్లాడేదాన్ని. మనుషులతో మాత్రం కాదు. మా పల్లె బడిలో ఒకే గదిలో మూడు తరగతులు నడిచేవి. మా తరగతి వెనక గోడవైపు తిరిగి కూర్చునేది. పక్క తరగతికి అడ్డం రాకుండా పాఠం మెల్లగా చదవాలి. అలా గోడను చూస్తూ చదివి చదివి, ఏడాది కిందట ఈ ఊరి బడికొచ్చాక పిల్లలందరూ నావైపు చూస్తుంటే హాజరు కూడా పలకలేకపోయాను. చెయ్యెత్తాను అంతే.

లోపల మాటలందించే పని ఎప్పుడూ మందుల షాపాయన భార్యది. ఆవిడ కూతురి కాన్పుకి వెళ్లింది. పిన్ని నా రెక్క పట్టుకుని లేపింది.

"నువ్వు అందించవే. ఇంటామె మాటలు నువ్వు చెబితే టీచరమ్మవి మేం చెబుతాం."

"నా వల్ల కాదు పిన్నీ."

"తలుపు వేసే ఉంటుంది, నిన్నెవరు చూస్తారు? ఆ బీరువా వైపు తిరిగి చెప్పు."

బయటివాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్లూ అడగలేదు. ఆడవాళ్లే పెరటి గుమ్మంలోంచి వచ్చిపోతూ ఒకరికొకరు అందించుకుంటున్నారని పెద్దనాన్న అనుకున్నాడట.

మొదట పిన్నే వచ్చింది. తలుపు వేశారు. అమ్మ మిషను ఆపింది. ఎవరైనా మాటలు చెబుతున్నంతసేపూ మిషను చప్పుడు ఉండకూడదు. నేను బీరువా వైపు తిరిగాను. బీరువా అచ్చం మా బడి గోడలా ఉంది.

"ఏమ్మా టీచరమ్మా, తలుపు తియ్యి. లోపల మేక ఉందని నాకు తెలుసు."

"మేకేంటండీ? నాకు జలుబు చేసింది," అంది పిన్ని ముద్దుగా.

"జలుబు చేస్తే తుమ్ముతారు తల్లీ, ఆకులు నమలరు. నా గుమ్మం మీది తీగంతా నీ జలుబే మేసిందా?"

బయట నవ్వులు వినబడ్డాయి. పిన్నికి వేషం వచ్చేసినట్టేనని సంతోషించాను.

తర్వాత బ్యాంకులో పనిచేసే అక్క వచ్చింది. ఆమె గొంతు బీరువా దాకా కూడా రాలేదు. బయట నాయనమ్మ గురక మొదలైంది. నేను ఇంటామె మాట అందుకోగానే ఆ గురక ఆగింది. ఆ తర్వాత ఆసుపత్రి నర్సమ్మ. ఆమె జలుబంటే నిజంగా జలుబే అనిపించింది, ముక్కు కూడా చీదింది. ఆమె అంత బాగా చేస్తుంటే నాకూ ఊపొచ్చి, కాపీలో లేని మాట ఒకటి అనేశాను. "నేనూ నలుగుర్ని కన్నదాన్నే. పిల్ల ఏడుపేదో మేక ఏడుపేదో నాకు తెలీదనుకోకు." నర్సమ్మ నవ్వాపుకోలేక నోట్లో కొంగు కుక్కుకుంది. అమ్మ మిషను మీద తల వాల్చేసింది. ఆమె భుజాలు ఊగుతున్నాయి.

మిగతావాళ్లు వచ్చి వెళ్లేసరికి అమ్మ మిషను మళ్లీ మొదలుపెట్టడమే మర్చిపోయింది.

అందరూ ముందు గదిలో చేరారు. నేను తలుపు చాటున నిలబడ్డాను. పెద్దనాన్న గొంతు సవరించుకున్నాడు.

"టీచరమ్మ వేషం మా నర్సమ్మది. ఇంటామె వేషం గురించి ఇంక బెంగ లేదు. నర్సమ్మకి అందించినావిడ ఎవరో, ఆవిడే. ఏం గొంతు. మా అమ్మ కర్ర దించనే లేదు."

"నాతో లోపలికి ఇంకెవరూ రాలేదండీ," అంది నర్సమ్మ.

"అయితే మా మరదలికి అందించినావిడ?"

పిన్ని నవ్వుతోంది. "నాకు అందించిందీ, నర్సమ్మకి అందించిందీ ఒక్కరే బావగారూ."

"ఒక్కరేనా? నాలుగిళ్ల గయ్యాళులు కలిసొచ్చారనుకున్నాను. ఎవరది?"

పిన్ని తలుపు చాటునుంచి నన్ను లాగి గది మధ్యలో నిలబెట్టింది.

పెద్దనాన్న కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఇదా? ఇది ఈ ఇంట్లో ఏడాదినుంచీ ఉంటోంది. నాతో మాట్లాడినవి మొత్తం నాలుగు మాటలు. అందులో రెండు 'ఊ'లు."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో వెటకారం లేదు. అయినా అన్ని కళ్లూ ఒక్కసారిగా నా మీదే పడ్డాయి.

"నెగ్గావు కదమ్మా. ఇక్కడ ఒక్కసారి చెప్పు చాలు. వేషం నీదే," అన్నాడు పెద్దనాన్న.

నోరు తెరిచాను. మాటలన్నీ అక్కడే ఉన్నాయి, నాలుక చివర బారులు తీరి ఉన్నాయి. ఒక్కటీ దూకడం లేదు.

"మొదలెట్టిందా?" అని అడిగింది నాయనమ్మ.

"ఇంకా లేదమ్మా."

"మొదలెట్టినప్పుడు చెప్పు."

మందుల షాపాయన చెయ్యి మెల్లగా మీసం మీదికి పోయింది. "నిదానంగా చెప్పు తల్లీ. తొందరేం లేదు," అన్నాడు గానీ, తొందరంతా ఆయన మొహంలోనే కనబడుతోంది.

మళ్లీ ప్రయత్నించాను. గాలి ఒక్కటే వచ్చింది. ఈ వేషం ఇప్పుడు పోతే మళ్లీ రాదని తెలుస్తూనే ఉంది. అయినా నా కాళ్లు వెనక్కి నడుస్తున్నాయి. ఒక్కసారి ఆ గదిలోకి వెళ్లిపోతే చాలు, బీరువా ఉంది, మూట ఉంది. కానీ గుమ్మానికి అడ్డంగా అమ్మ నిలబడి ఉంది, మెడలో కొలతల టేపుతో.

"అమ్మా, జరుగు," అన్నాను. ఆ మాట ఆమెకొక్కదానికే వినబడి ఉంటుంది.

"లోపల నాకు పనుంది," అంది అమ్మ. ఒక అడుగు వెనక్కి వేసి, నేను లోపలికి దూరేలోగా తలుపు మూసేసింది. గడియ పడిన చప్పుడైంది.

నా సొంత అమ్మ. ఒళ్లంతా మండిపోయింది. వెనక ఎవరున్నారో, ఎంతమంది చూస్తున్నారో ఇంక నాకు పట్టలేదు. నా ముందున్నది మూసిన తలుపు, నున్నగా, అచ్చం మా బడి గోడలా. రెండు చేతులతోనూ బాదాను.

"తలుపు తియ్యి. లోపలున్నావని నాకు తెలుసు. తీస్తావా, మేకనే పిలిచి తీయించమంటావా?"

వెనక ఎవరో కుర్చీ మీదనుంచి జారిపడినంత పని చేశారు. నాయనమ్మ కర్ర నేల మీద టకటకలాడింది. "వినబడింది, వినబడింది," అంటోంది. అప్పుడు తలుపు అవతలనుంచి చాలా సన్నగా, చాలా మర్యాదగా మేక ఒకటి "మే" అంది.

మా అమ్మ ఎన్నడూ నలుగురిలో గట్టిగా నవ్వనైనా నవ్వని మనిషి.

"మేక పలికింది," అన్నాను నడుం వంచి, చెయ్యి నడుం మీద పెట్టి. అది నేను కావాలని పెట్టింది కాదు, ఇంటామే పెట్టింది. "ఇప్పుడేమంటావు టీచరమ్మా?"

గడియ తీసిన చప్పుడైంది. తలుపు జానెడు తెరుచుకుంది. ఆ సందులోంచి అమ్మ మొహం కనబడింది, కళ్లనిండా నీళ్లు, నోటినిండా నవ్వు.

"జలుబండీ," అని, నా మొహాన మళ్లీ తలుపేసేసింది.