పన్నీరు చల్లే బొమ్మ

కుళ్ళు అంటే కుళ్ళే. దానికి ఇంకో పేరు పెట్టి దాచుకోవడం నాకు చేతకాదు. నలభై ఆరేళ్ళ ఆడదాన్ని, నాలుగడుగుల బొమ్మను చూసి కుళ్ళుకున్నాను. వింటే నవ్వొస్తుంది కదూ? నవ్వుకోండి, నాకేం.

గుంటూరులో నల్లపాడు రోడ్డు మీద చెంచయ్యగారి ఫంక్షన్ హాలుంది. ఆయన మిర్చి వ్యాపారం చేసి కట్టించిన హాలు. అది తెరిచిన రోజు నుంచీ, అంటే తొమ్మిదేళ్ళుగా, గుమ్మంలో నిలబడి పన్నీరు చల్లి, గంధం రాసి, వచ్చినవాళ్ళను లోపలికి పిలిచేది నేనే, కోటిరత్నాన్ని. ఊరికే రండి రండి అంటే సరిపోతుందా? మగపెళ్ళివారెవరో, ఆడపెళ్ళివారెవరో కారు దిగుతుండగానే పసిగట్టాలి. అలిగి వచ్చిన మేనమామను ముందు పలకరించాలి. మాటల్లేని తోడికోడళ్ళు ఇద్దరూ ఒకేసారి దిగారనుకోండి, ఒకామెను గంధం దగ్గర ఆపి రెండో ఆమెను లోపలికి పంపేయాలి. ఇవన్నీ ఏ కాలేజీలోనూ చెప్పరు.

కాలేజీ చదువే నా కొంప ముంచింది. చెంచయ్యగారమ్మాయి బిందుమాధవి ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉంది. రెండువేల ఏడు ఎండాకాలంలో, ప్రాజెక్టు అని చెప్పి ఒక మరబొమ్మను తయారు చేసి తెచ్చింది. దానికి పట్టులంగా, జడ, జడలో కనకాంబరాలు. ఎవరైనా ఎదురుగా వస్తే దండం పెడుతుంది, చేతిలో బుడ్డితో పన్నీరు చల్లుతుంది, వచ్చేవాళ్ళను ఆహ్వానిస్తూ, వెళ్ళేవాళ్ళకు వీడ్కోలు చెబుతూ బిందు గొంతుతోనే మాట్లాడుతుంది.

"ఎలా ఉంది రత్నమక్కా?" అంది బిందు.

"బంగారంలా ఉందమ్మా" అన్నాను. లోపల పచ్చిమిరపకాయ నమిలినట్టుంది.

పోనీ అది పని సరిగ్గా చేసిందా అంటే అదీ లేదు. మొదటి పెళ్ళిలోనే, దారిన పోయే కుక్క గుమ్మం ముందు ఆగితే దానికి దండం పెట్టి, "దయచేయండి, మీ రాక మాకు పండగ" అంది. కుక్క దర్జాగా లోపలికి నడిచింది. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత పెళ్ళికొడుకు తండ్రి కళ్ళజోడు నిండా పన్నీరు కొట్టింది. ఆయన కోప్పడతాడని ఆశగా చూశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "దీని గడుసుదనం చూడండ్రా" అని బొమ్మ బుగ్గ గిల్లి, దాని పక్కన నిలబడి ఫోటో దిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎందుకు మండదు? నాలుగేళ్ళ క్రితం అదే గుమ్మంలో నేనూ ఒక తప్పు చేశాను, ఒకే ఒక్కటి. మా హాలును పెద్దకర్మ భోజనాలకు కూడా ఇస్తారు. చావుకు వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పరు, మనం మళ్ళీ రండి అనకూడదు. ఈ సంగతి చిన్నపిల్లలకూ తెలుసు. కానీ రోజూ పెళ్ళిళ్ళలో అనీ అనీ అలవాటైన నోరు కదా, జారింది. ఒక పెద్దాయనతో "మళ్ళీ రండి బాబాయిగారూ" అన్నాను. ఆయన స్కూటర్ దిగి వెనక్కి వచ్చి మరీ తిట్టాడు. చుట్టూ చేరి దుమ్మెత్తిపోశారు. చెంచయ్యగారు నన్ను ఆరునెలలు వెనక గిన్నెలు తోమే చోట కూర్చోబెట్టారు. ఎన్నిసార్లు కాళ్ళావేళ్ళా పడితే మళ్ళీ గుమ్మంలోకి వచ్చానో నాకే తెలుసు.

అలాంటిది ఆషాఢం మొదట్లో చెంచయ్యగారు పిలిచి, "ఏమే రత్నం, శ్రావణం ముహూర్తాల నుంచి గుమ్మంలో బొమ్మ ఉంటుందిలే. అందరూ దాన్నే అడుగుతున్నారు. నువ్వు గిన్నెల దగ్గరికెళ్ళిపో" అన్నారు. నీళ్ళు తాగుతావా అని అడిగినంత తేలిగ్గా అన్నారు.

ఆ వారంలోనే హాల్లో ఒక పెద్దకర్మ పడింది. వెంకటరావమ్మగారని, చెంచయ్యగారికి తెలిసిన కుటుంబం. ఆమె తల్లి పోయింది. మంచాన పడ్డ ముసలామెను ఆరేళ్ళు చంటిపిల్లలా సాకిన కూతురట. తల్లి పోయాక సరిగ్గా తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు అని బంధువులు చెప్పుకుంటున్నారు.

పొద్దున్నే బిందు వచ్చి బొమ్మ వీపు మీద మీటను కిందికి నొక్కింది. "మీట కిందికుంటే మాట్లాడదక్కా, దండం పెట్టి ఊరుకుంటుంది. పైకుంటే పెళ్ళి మాటలు. ఇవాళ దీన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకు" అని నాకే అప్పగించింది.

అలాగేనమ్మా అన్నాను. అప్పటికే నా బుర్రలో పురుగు తొలుస్తోంది. నాలుగు తిట్లు పడితే ఇది కూడా స్టోర్ రూములోకి పోతుంది. ఇక గుమ్మం నాదే. భోజనాలయ్యాయి. వెంకటరావమ్మగారు, తమ్ముడు కోటేష్‌తో కలిసి గుమ్మం దగ్గరికి వస్తున్నారు. వెనక చెంచయ్యగారు, బిందు, ఇంకా చాలామంది బంధువులు. నేను బల్ల కింద దాచిన గంధం గిన్నె తీస్తున్నట్టు వంగి మీటను పైకి తోశాను.

బొమ్మ కళ్ళు వెలిగాయి. పొద్దున్నే గుండు చేయించుకున్న కోటేష్ నున్నటి తలమీద బుడబుడా పన్నీరు గుమ్మరించింది. తర్వాత చేతులు జోడించి, హాలంతా వినబడేలా, "వెళ్ళి రండి! మీ ఇంట ఇలాంటి వేడుకలు మరెన్నో జరగాలి!" అంది.

వెనక వస్తున్నవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. అయిపోయింది దీని పని అనుకున్నాను.

వెంకటరావమ్మగారు తమ్ముడి గుండు వంక చూసింది. పన్నీరు ముక్కు మీంచి కారుతుంటే అతను బిత్తరపోయి నిలబడ్డాడు. ఆమె పెదవులు వణికాయి. ఏడుస్తుందనుకున్నాను. ఫక్కున నవ్వింది! కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. "ఓరి దేవుడో, అమ్మ ఉంటే ఎంత నవ్వేదిరా కోటేషూ!" అంది. దాంతో కోటేష్ నవ్వాడు, బంధువులు నవ్వారు, చెంచయ్యగారూ నవ్వారు. వెంకటరావమ్మగారు బొమ్మ దగ్గరికొచ్చి దాని గడ్డం పట్టుకుని, "నీకేం తెలుసే పిచ్చితల్లీ! పదకొండు రోజులకి నన్ను నవ్వించావు" అని తలనిమిరింది.

అదే గుమ్మం, అదే తప్పు. నాకు తిట్లూ గిన్నెలూ, దానికి నిమరడాలూ! అంతకంటే నన్ను కాల్చింది ఇంకొకటుంది. ఆ నవ్వు దానిది కాదు, నాది. నేను మీట తిప్పకపోతే అది నోరు తెరిచేదా?

"దాని మొహం!" అన్నాను గట్టిగా. "దానికంత తెలివెక్కడిదండీ? మీట తిప్పింది నేను. మిమ్మల్ని నవ్వించింది నేను!"

నవ్వులు టక్కున ఆగిపోయాయి. వెంకటరావమ్మగారు బొమ్మ తల మీంచి చెయ్యి తీసి నావైపు తిరిగింది.

"నువ్వా? మా అమ్మ కర్మ అని తెలిసే తిప్పావా?"

నేను తల వంచుకున్నాను.

"బొమ్మ తెలియక అందనుకుని నవ్వానే" అంది ఆమె. "మా ఇంట్లో ఇలాంటివి ఇంకా జరగాలని ఒక మనిషి కావాలనే దీనిచేత అనిపించిందా? చెప్పకపోతే ఏం పోయిందే నీకు? ఆ కాస్త నవ్వూ ఉండనివ్వకపోయావా?"

ఆమె మెట్ల మీద కూలబడి ఏడ్చింది. చూడలేకపోయాను. కోటేష్ నా మీదికి వస్తుంటే చెంచయ్యగారు అడ్డుపడి, "రేపట్నుంచి రావద్దు. గిన్నెల దగ్గరికి కూడా వద్దు" అన్నారు. అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

గంధం గిన్నె బల్లమీద పెట్టి చెప్పులు వేసుకున్నాను. వెనక బిందు చున్నీతో బొమ్మ మొహం తుడుస్తోంది. "పాపం, ఇందులో దీని తప్పేం లేదు నాన్నా" అంటోంది. నా తరఫున ఆ మాట అనే మనిషి కోసం హాలంతా చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు.