ముప్పై ఏడో నంబరు

"నవ్వకు. దగ్గకు. తుమ్మొస్తే మాత్రం తలకింది మెత్త పక్కకు ఒత్తి పట్టుకొని తుమ్ము. ఇరవై ఒక్క దినాలల్ల అదే అతుక్కుంటది," అంది పార్వతీబాయి, కోడలి పక్కటెముకల చుట్టూ పాత నూలుచీర పీలికను బిగిస్తూ.

నవ్వొద్దని చెప్పాల్సిన అవసరమేం లేదు. సారికకు ఊపిరి పీలిస్తేనే ఎడమ పక్కన సూది దిగినట్టుంది. నాలుగు రోజుల కింద మధ్యాహ్నం ఆమె చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని పూణె ఆఫీసులోని మేఘనతో మాట్లాడుతోంది. సోలాపూర్ దాజీ పేట్‌లోని ఆ ఇంట్లో ముందంతా నాలుగు సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్డు, వెనక రెండు గదులు. సాంచాలు నడుస్తుంటే పక్కనున్న మనిషి మాటే వినబడదు, ఇక హెడ్‌ఫోన్ ఉంటే చెప్పేదేముంది! నూలు కండెలు అయిపోయాయని మొగుడు ఋషికేశ్ మూడుసార్లు పిలిచాడట. నాలుగోసారి పిలవలేదు. వచ్చి హెడ్‌ఫోన్ గుంజి, రెక్క పట్టి షెడ్డులోకి ఈడ్చుకుపోయాడు. "ఈడ సాంచా బంద్ పడ్డది, నువ్వు ఆడ కూసోని బొమ్మలకు రంగులు పూస్తున్నవా?" అని ఒక్క తోపు తోశాడు. సాంచా ఇనుప అంచు ఆమె పక్కలో దిగింది.

సాయంత్రానికల్లా ఇంట్లో అందరి లెక్కలోనూ సారిక తనే పడింది. "జర చూస్కోని నడవద్దా?" అని తోసినవాడే అన్నాడు. "షెడ్డుల నూనె ఉంటది బిడ్డా, జారుతది," అన్నాడు మామ దత్తాత్రి, వాకిట్లో మరాఠీ పేపరు మడిచి పెట్టి. పక్కింటి గంగుబాయి అడిగితే సారిక కూడా "పడ్డ వదినా" అనే చెప్పింది. ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. నోరు దానంతట అది ఆ మాట వెతుక్కుంది.

అత్త ఒక్కతే ఏమీ అడగలేదు. పాతచీర తెచ్చింది, నాలుగు వేళ్ల వెడల్పు పీలిక చింపింది, ఊపిరి వదలమని సరిగ్గా వదిలిన క్షణంలో బిగించింది. ఎడమపక్కకు తిరిగి పడుకోవద్దంది. బిందె కుడిచేత్తో కూడా ఎత్తొద్దంది. ఎత్తకపోతే నీళ్లెవరు పడతారో మాత్రం చెప్పలేదు. పని అయ్యాక, ఎప్పటి పాటే పాడింది. "మగోనికి కోపమొచ్చేదాంక ఆడది తెచ్చుకోవద్దు. మీ మామ నా మీద ఒక్కనాడు చెయ్యెత్తలే. ఏమిటికి? నోరు మంచిదైతే ఊరు మంచిది." పదకొండేళ్లుగా సారిక ఈ మాట వింటోంది. దత్తాత్రి దేవుడని దాజీ పేట్ అంతా అంటుంది కాబట్టి నమ్మింది కూడా. దేవుడి కడుపున ఇలాంటివాడు పుట్టాడంటే తప్పు తన నోటిదేనేమో అని ఎన్నిసార్లు అనుకుందో!

ఇంతకీ ఆ బొమ్మలు ఏమిటంటే, సారిక బీయస్సీ కంప్యూటర్ చదివింది. పెళ్లయ్యాక ఆ చదువు కండెలు చుట్టే యంత్రం ముందు కూర్చుంది. తెల్లవారుజామున నీళ్లు, చాయ్, రొట్టెలు, కూతురు శ్వేత జడలు, రెండు గంటలు కండెలు, మళ్లీ చాయ్, మళ్లీ కండెలు. దీన్ని ఎవరూ పని అనరు. రెండేళ్ల కింద కాలేజీ స్నేహితురాలు మేఘన తన ఆఫీసు పని ఇంటి నుంచి చేయమని ఇచ్చింది. దాన్నీ ఎవరూ పని అనలేదు, బొమ్మలన్నారు. బీడీ కార్మికులు, సాంచా కార్మికుల ఊపిరితిత్తుల మీద ఏదో అధ్యయనం జరుగుతోంది. కుంభారి కాలనీలో, ఇక్కడ పేటలో క్యాంపులు పెట్టి ఛాతీ స్కాన్లు తీశారు. పేర్లుండవు. నంబరు, వయసు, ఆడా మగా, అంతే.

స్కాన్ అంటే మనిషిని అడ్డంగా వందల పలచటి పొరలుగా తీసిన ఫోటోలు. కార్ఖానాలో తువ్వాళ్ల దొంతి పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి పేరిస్తే మళ్లీ మనిషి లేస్తుంది. ఆ పేర్పు సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఏది కనబడాలి, ఏది కనబడకూడదు అన్నది సారిక పని. తెర పక్కన ఒక గీత ఉంటుంది. దాన్ని ఒక చోట పైకి లాగితే ఎముకలు తేలతాయి. అక్కడే కిందికి దించితే ఎముకలు మాయమై, లోపలి ఊపిరితిత్తులు పలచగా మిగులుతాయి. ఏదీ చెరిగిపోదు. ఉన్నది ఉన్నచోటే ఉంటుంది, చూసేవాళ్లకు కనబడదు అంతే. ఈ పని సారికకు చాలా ఇష్టం. గీత ఆమె లాగినంతే కదులుతుంది, ఎదురు మాట్లాడదు.

"మొదట ఎముకలు చూడు, మనిషి సరిగ్గా పడుకున్నదా లేదా తెలుస్తది. తర్వాత దించెయ్," అని మేఘన నేర్పింది. క్యాంపుకొచ్చిన ఆడవాళ్లతో ఇంకో చిక్కు ఉంది. లోహం ఒంటి మీద ఉంటే స్కాన్‌లో చుట్టూ తెల్లటి గీతలు చిమ్ముతాయి, అందుకే నగలు తీసి పడుకోమంటారు. మన ఆడవాళ్లు గాజులు తీస్తారు, కమ్మలు తీస్తారు, పుస్తెలతాడు దగ్గరికొచ్చేసరికి "అది తీసేది మా ఇంట్ల లేదు" అని భుజం మీదికి నెట్టి పడుకుంటారు. దానికి వేలాడే పిన్నీసులతో సహా. "మీ సోలాపూర్ ఆడోళ్లు మెడల దుకాణం ఏస్కొని వస్తరే," అని మేఘన నవ్వుతుంది. ఆ తాళ్లను, ఆ పిన్నీసులను కత్తిరించి తీసెయ్యడం కూడా సారిక పనే.

ఆ ఎముకల్లో సారిక ఒకటి గమనించింది. పక్కటెముక నున్నగా వంగి రావాలి. కొందరిలో మధ్యలో ముడి ఉంటుంది, నూలు తెగితే వేసిన ముడిలాగా. మగవాళ్లలో అక్కడొకటి ఇక్కడొకటి. ఆడవాళ్లలో ఇరవై ముగ్గురిని చూస్తే ఏడుగురికి ఉన్నాయి, అందులో ఆరుగురికి ఎడమ పక్కనే. మేఘనను అడిగితే "పాత విరుగుళ్లు. ఎప్పుడో పడి ఉంటరు. బొక్కలు మన స్టడీల లెవ్వు, దించెయ్" అంది. సారిక దించేసింది. అప్పటికి ఆమె పక్క ఇంకా బాగానే ఉంది.

కట్టు కట్టిన మర్నాడు సాంచాలకు వారానికో రోజు ఇచ్చే సెలవు. ఋషికేశ్ పొద్దున్నే బయటికి పోయాడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే సారికకు తన ఊపిరి తనకే వినబడుతోంది. పక్కనే పార్వతీబాయి ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. సారిక ల్యాప్‌టాప్ తెరిచి ముప్పై ఏడో నంబరు తీసింది. ఆడ, అరవై నాలుగు.

ఎముకలు తేలాయి. భుజం దగ్గర తెల్లటి గీతలు చిమ్ముతున్నాయి. మళ్లీ పుస్తెలతాడే అనుకొని కత్తెర పనిముట్టు పట్టింది. ఆ మెరుపు మధ్యలో రెండు పుస్తెలున్నాయి. వాటి పక్కన పిన్నీసులు లేవు. ఒక చిన్న తాళంచెవి ఉంది, తల గుండ్రంగా, పళ్లు మూడు. ఈ ఇంట్లో సందుగ తాళంచెవి పార్వతీబాయి మెడలోంచి స్నానానికి కూడా దిగదు. పేటలో పెట్టిన క్యాంపుకు ఆమె కూడా పోయొచ్చింది. సారిక బొమ్మను ఎడమపక్కకు తిప్పింది. ఆరో ఎముక, ఏడో ఎముక, ఎనిమిదో ఎముక. మూడింటికీ ముళ్లు.

ఆమె చెయ్యి తన కట్టు మీదికి పోయింది. నాలుగు వేళ్ల వెడల్పు. ఊపిరి వదిలినప్పుడు బిగించాలి. తుమ్మొస్తే మెత్త. ఇరవై ఒక్క దినాలు. ఇవన్నీ ఈమెకు ఎక్కడివి అని ఒక్కసారైనా అడగలేదే అని సారికకు ఏడుపొచ్చింది. ఏడిస్తే పక్క నొస్తుందని ఆపుకుంది.

"అత్తమ్మా, ఇటు చూడుండ్రి."

"ఏంది?" పార్వతీబాయి వంగి చూసింది. చూడగానే ఆమె చెయ్యి మెడలోని తాళంచెవిని పట్టుకుంది. "అగ బాయీ! నేనా ఇది?"

"మీరే. ఈడ, ఈడ, ఈడ. మూడు విరిగి అతికినయి."

బీడీ చుట్టే చేతులు ఆగాయి. జ్వరమొచ్చినా ఆగని చేతులవి. "నల్లా కాడ పడ్డ," అంది.

"మూడుసార్లు పడ్డరా?"

పార్వతీబాయి వాకిలి వైపు చూసింది. దత్తాత్రి పేపరు తిప్పుతున్న చప్పుడు వినబడుతోంది. గొంతు తగ్గించింది. "రెండు ఒక్కసారే. అప్పుడు కడుపుల ఉన్న పిల్ల నిలువలే. ఇంకోటి తర్వాత. అప్పుడు ఋషి కడుపుల ఉండె."

"ఎవరు కట్టిండ్రు?"

"మా అత్త. గీ లెక్కనే కట్టింది. ఆమెకు మస్తు ఎరుక."

"మరి ఒక్కనాడు చెయ్యెత్తలేదని చెప్తిరి గదమ్మా నాకు!"

"ఏమని చెప్పాలె?" అంది పార్వతీబాయి, కోపంగా. "అందరూ దేవుడంటరు. ఇప్పుడు మంచోడైండు. చక్కెర బీమారి మనిషి, నేను పెడితేనే తింటడు. ఈ వయసుల ఎవనికి చెప్పుకోవాలె?" తెర మీది ముళ్లను వేలితో తాకింది. తర్వాత మెల్లగా అడిగింది. "దీంట్ల ఆ బొక్కలు తీసేయరాదా?"

"వస్తది."

సారిక గీతను పట్టి కిందికి దించింది. ఎముకలు పలచబడి, పొగలా తేలి, పోయాయి. ఊపిరితిత్తులు మిగిలాయి. నలభై ఏళ్ల తంబాకు దుమ్ముకు వాటి అడుగున మసక కమ్మి ఉంది. దాని సంగతి పార్వతీబాయి అడగలేదు.

"ఆ. గట్లనే ఉంచు," అని మళ్లీ ఆకు చేతిలోకి తీసుకుంది.

సారిక గట్లనే ఉంచి పూణెకు పంపేసింది. పని పనే. అత్త మీద కోపం రాలేదు, అదే ఆమెను భయపెట్టింది. ఇంకో ముప్పై ఏళ్లకు తనూ ఇలాగే ఒక పీలిక చింపుతుంది. ఎవరికి కడుతుందో ఆ సాయంత్రం ఆలోచించలేదు. ఆలోచించే ధైర్యం లేదు.

తెల్లారి సాంచాలు మొదలయ్యాయి. నూలు దుమ్ము లేచింది. బడికి తయారవుతున్న శ్వేతకు తుమ్ము వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల పరుగెత్తుకెళ్లి మంచం మీది మెత్త తీసి, ఎడమపక్కకు ఒత్తి పట్టుకొని తుమ్మింది. "అమ్మా, నేను గూడ మంచిగ తుమ్మిన, చూసినవా?" అని నవ్వింది.

సారిక పెనం మీది రొట్టె దించలేదు. స్టవ్ మాత్రం ఆర్పింది. పిల్లను బడి దగ్గర దింపి, ఇంటికి తిరగకుండా కొంతం చౌక్ దాకా నడిచింది. దారిలో రెండుసార్లు ఫోన్ మోగింది, ఋషికేశే. కండెలు అయిపోయి ఉంటాయి. అక్కడి ఎక్స్‌రే సెంటర్ మెట్లు ఎక్కేటప్పుడు పక్కలో నొప్పి కళ్లలోకి వచ్చింది.

కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మెడలోని గుర్తింపు కార్డు మీద రూపాలి అని ఉంది. పేరడిగి రాసుకుంది. సోలాపూర్‌లో ఏ కాగితం మీదైనా ఆడదాని పేరు మధ్యలో మొగుడి పేరు, మగవాడి పేరు మధ్యలో తండ్రి పేరు ఉండాల్సిందే. సారిక ఋషికేశ్ మ్యాకల్. నగలు తీయమంది. సారిక కట్టు విప్పింది. తర్వాత పుస్తెలతాడు తీసి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టింది. పదకొండేళ్లలో మొదటిసారి మెడకు గాలి తగిలింది, చల్లగా.

"ఎట్ల పడ్డరక్కా?" అని అడిగింది రూపాలి, తల ఎత్తకుండానే. కాగితం మీద 'పడి' అని అప్పటికే రాసేసింది.

"పడలే," అంది సారిక. "అది కొట్టెయ్. తోసిండు అని రాయి. ఎవరు తోసిండ్రో అది గూడ రాయి, పూర్తి పేరు. ఋషికేశ్ దత్తాత్రి మ్యాకల్."