ఇంద్రమ్మ ఇంట్ల మొత్తుకునే డబ్బా

పొద్దుగూకంగనే ఎల్లేశ్ ఇంటికొస్తడు, చెప్పులిడుస్తడు, బెల్టు తీస్తడు. ఇబ్రహీంపట్నంల ప్లాట్ల బ్రోకర్. యాచారం దిక్కు బేరం కుదిరితే ఆ సంబురానికి తాగుతడు, చెడితే ఆ కోపానికి తాగుతడు. బెల్టు మాత్రం ఎట్లైనా లేస్తది. అది పెండ్లాం ఇంద్రమ్మ వీపు మీద పడంగనే, ముందటర్రల కంప్యూటర్ పక్కనున్న మోడెం డబ్బా కీచుమని మొత్తుకుంటది. ఇంద్రమ్మకు చీమ కుట్టినట్టు గూడ ఉండదు.

టెలిఫోన్ లైనుకు ఆ డబ్బా తగిలిచ్చిన కాన్నుంచి గట్లనే. ఆమె దెబ్బలన్ని అదే తింటది. దాని మీద సొట్టలు, పగుళ్లు, ఒక మూల కాలిన నలుపు. గల్లీల జనం ఆ కీక విని, ఎల్లేశ్ ఇంట్ల నెట్ కలుస్తున్నదనుకుంట అన్నంల పులుసు కలుపుకుంటరు. థూ, ఏం మనుషులో!

ఒకనాడు డబ్బాకెల్లి పొగ లేశేదాక కొట్టిండు. తెల్లారి ఇంద్రమ్మ కులపెద్ద మల్లేశయ్య కాడికి పోయి పంచాయితీ పెట్టుమన్నది. ఆయన భార్య లోపలికి తోల్కపోయి వీపు చూశింది. ఒక్క వాత గూడ లేదన్నది.

"నొప్పి లేని దెబ్బకు పంచాయితీ ఏంది బిడ్డా?" అన్నడు మల్లేశయ్య. "డబ్బా ఉన్నది గద. ఇంటికి పో."

బెల్టుకు రాని ఏడుపు ఆ మాటకొచ్చింది ఇంద్రమ్మకు. తొవ్వ పొడుగూత కొంగుతోని కండ్లు తుడుసుకుంటనే వచ్చింది.

బిడ్డ భవితది పదో తరగతి. పాలిటెక్నిక్ పరీక్షకు కంప్యూటర్ మీద పాఠాలు చూడాలె. ఈ నెట్‌ల సారు జుట్టు కనబడి, నుదురు కనబడి, నోరు కనబడేలోపు లైన్ కట్టయితది. అందుకే కేబుల్ రామచంద్రయ్య వచ్చినప్పుడు ఆ పిల్ల ఆశగ చూశింది. అన్నిట్ల చిన్న ప్యాకేజి తీసుకున్నా పాఠాలకు చాలంటడాయన. గల్లీ మొత్తానికి ఒకటే వైరు, టీవీ, నెట్ అందరు పంచుకునుడేనట. కాకపోతే టెలిఫోన్ లైన్ తీసేయాలె. డబ్బాకిక పని లేదు.

ఎల్లేశ్ వద్దనలే. నవ్విండు.

"పెట్టించుకో. డబ్బా పోతే దెబ్బ నీకే తాకుతది. సోంచాయించుకో."

భవిత తనకు ఏ చదువు వద్దని తల్లిని పట్టుకొని ఏడ్సింది. ఇంద్రమ్మ బియ్యం కడుగుతనే ఉన్నది. తనకైతే ఈ డబ్బా దొరికింది. రేపు చదువు లేక ఇంకో బెల్టోని ఇంటికి పోతే, పిల్ల వీపుకు ఏ డబ్బా దొరుకుతది? ఎసట్ల బియ్యం పోసి, రామచంద్రయ్యకు ఫోన్ చేసి రమ్మన్నది. ఆయనొచ్చి కేబుల్ కలిపినంక, డబ్బాను తన పాత చీరెల చుట్టి, పసిపిల్లను పండవెట్టినట్టు సజ్జ మీద పెట్టింది.

ఆనాడు క్రికెట్ మ్యాచ్. గల్లీల మొగోళ్లంత టీవీల ముందట కూసున్నరు. ఎల్లేశ్ వచ్చిండు, డబ్బా లేని జాగ చూశిండు, బెల్టు చేతికి చుట్టుకున్నడు. ఇంద్రమ్మ పండ్లు బిగవట్టి దర్వాజ పట్టుకున్నది.

బెల్టు పడ్డది. ఆమెకేం తాకలే.

పక్కింట్ల ఎవరో "సచ్చినరో!" అని అరిసిండు. వికెట్ పడ్డదనుకున్నడు ఎల్లేశ్. పెండ్లాం నోరు మెదపకపాయెనని మంటెక్కి, ఇనుప బిళ్ల ఉన్న దిక్కుతోని కొట్టిండు. మల్లా కొట్టిండు. గల్లీ ఈ కొస నుంచి ఆ కొసదాక పెడబొబ్బలు. టీవీ ముందట కూసున్నోని అంగి కూసున్నట్టే చినిగింది, వీపుల మీద వాతలు తేలినయ్, నెత్తురు కారింది. ఎల్లేశ్‌కు మాత్రం మ్యాచ్ మంచి రంజుమీదున్నట్టు అనిపించింది. కొడుతనే ఉన్నడు.

తలుపులు తెరుసుకున్నయ్. ఎల్లేశ్ ఇంట్ల బెల్టు సప్పుడైనప్పుడల్ల తమకే తాకుతున్నదని తెలిసి, మొగోళ్లంత వీపులు పట్టుకొని ఉరికొచ్చిన్రు. ఎల్లేశ్‌ను కింద పడేసి తొక్కిన్రు, బెల్టు గుంజుకున్నరు. అతని దెబ్బలు తినెటందుకు ఏ డబ్బా లేదు, ముక్కు పగిలి నెత్తురు వాకిట్ల పడ్డది. అందరికన్న ఎనుక మల్లేశయ్య వచ్చిండు, కనుబొమ్మ చీలి కన్నంత ఎర్రగైంది.

"బిడ్డా, జర ఆ కేబుల్ పీకేయ్," అన్నడు. "నీ డబ్బా నువ్వు పెట్టుకో."

ఇంద్రమ్మ దర్వాజ ఇడిసిపెట్టింది. అర్రల పిల్ల ముందట సారు నోరు కనబడుతున్నది, మాట ఆగకుండ వస్తున్నది.

"నొప్పి అయితున్నదా పెద్దబాపూ?"

ఆయన కన్ను మూసుకొని, అవ్ అన్నడు.

"అయితే పంచాయితీ పెట్టు."

ఆమె వాకిట్లనే పంచాయితీ కూసున్నది. ఎల్లేశ్‌ను చేతి సంచితోని యాచారం బస్సెక్కిచ్చి, మల్ల ఈ గల్లీల కాలు పెట్టొద్దన్నరు. ఇంద్రమ్మ లోపలికొచ్చి పొయ్యి మీద సన్న మంటకున్న రాత్రి అన్నం చూశింది. అడుగంటలేదు.