పదకొండు వారాల సున్నా

నా ఉద్యోగం పగుళ్లు చూడటం. మెట్రో సొరంగం తవ్వే దారిలో ఏ ఇంటి గోడ ఎంత విచ్చుకుందో వారానికోసారి కొలిచి రాసుకోవాలి. ఈ వీధిలో నలభై ఒక్క ఇళ్లున్నాయి. నలభై ఒక్క గడపలూ ఎక్కి దిగుతాను. అందుకే పిల్లా పెద్దా నన్ను 'పగుళ్ల సారు' అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతం కాగితంలోనే మిగిలింది.

వీధిలో అడుగు పెడితే చాలు, "ఇంకెన్నాళ్లు సారూ?" అని మొదలు. ఏం చెప్పను? ఈ లైను పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకుంటే మా పరువే పోతుంది. ఇరవై రెండేళ్ల కిందట నేను చేరినప్పుడు ఇది స్తంభాల మీద వెళ్లాల్సిన లైను. స్తంభాలొస్తే మా బోర్డులు కనపడవని షాపులవాళ్లు గోల చేశారు. సరేనని భూమిలోకి దించారు. దించితే రాయి తగిలింది. రాయి కోసే మిషను తెప్పించేసరికి రాయి అయిపోయి బురదొచ్చింది. బురదను చూసి కాంట్రాక్టరు ఉడాయించాడు. ఈలోగా అటు తొమ్మిది స్టేషన్లు, ఇటు పదకొండు స్టేషన్లు కట్టేసి, రిబ్బన్లు కత్తిరించేసి, రైళ్లు కూడా నడిపేస్తున్నారు. మధ్యలో నాలుగు వందల మీటర్లు మాత్రం లేదు. జనం ఒక రైలు దిగి, సంచులు మోసుకుంటూ ఈ వీధంతా నడిచి, రెండో రైలు ఎక్కుతారు. వానొస్తే తడుస్తారు. తడిసినవాళ్లకి మెట్రో బొమ్మున్న టోపీతో ఎదురయ్యేది నేనొక్కణ్ణే. ఇక తిట్లకి కరువేముంది? ఈ వీధిలో సుఖంగా ఉన్నది నడిచేవాళ్లకి బన్నులమ్ముకునే బేకరీ ఆయన ఒక్కడే.

ఎట్టకేలకు మిషను వీధి కిందికొచ్చింది. నత్తకి నడక నేర్పుతూ నేర్పుతూ పదిహేడో నంబరు ఇంటి దాకా చేరింది. మర్నాడు పొద్దున ఆ ఇంటి కిందికి వెళ్లాలి. ముందురోజు నేను ఆఖరి కొలతలు తీసి సంతకం పెడితే చాలు. చీఫ్ ఇంజినీరు పొద్దుటినుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు. "ఏ అడ్డంకీ లేదుగా?" అంటే "లేదు సార్" అన్నాను. ఆ మాట అనడం కోసమే ఇన్నేళ్లు కాచుకున్నాను.

పదిహేడో నంబరు గడియారాల తాతగారిది. బాగుచేసే పని మానేసి ఆరేళ్లయినా ఆయన బల్లా భూతద్దం అలాగే ఉన్నాయి. గోడనిండా గడియారాలు. వాటిలో ఒకటి అర నిమిషం వెనకబడితే ఆయనకి ముద్ద దిగదు. వెనక గది గోడకి నిలువునా పగులుంది. ఆ గోడకి ఆనించే కోడలు చంటిదాని మంచం వేసింది. పగులు మీద మేం రెండు బిళ్ళలు బిగించాం. ఒకటి ఇటు గోడకి, ఒకటి అటు గోడకి, కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. కిందదాని మీద మిల్లీమీటరుకో గీత చొప్పున గళ్లు, పైదాని మీద ఎర్ర గుర్తు. గోడ విచ్చుకుంటే గుర్తు గళ్లలో పక్కకి జరుగుతుంది. ఎంత జరిగిందో నేను రాసుకుంటాను. ఈ ఇంట్లో పదకొండు వారాలుగా సున్నాయే.

ఆ రోజు చెప్పిన టైముకంటే గంట ముందే వెళ్లాను. కోడలు తలుపు తీసింది. "రండన్నయ్యా, మామయ్య మీ బిళ్ళ దగ్గరే ఉన్నారు."

లోపలికెళ్లి చూద్దును కదా, ముసలాయన కంటికి భూతద్దం పెట్టుకుని, సన్నటి స్క్రూడ్రైవరుతో మా బిళ్ళ మరలు వదులు చేస్తున్నాడు.

"తాతగారూ! ఏంటిది?"

"వచ్చావా? ఒక్క నిమిషం కూర్చో బాబూ, అయిపోయింది." మరలు బిగించి, గుర్తుని ఓసారి ఊది, వెనక్కి జరిగాడు. "మీ వస్తువు నాసిరకం. వారం తిరిగేసరికి గుర్తు పక్కకి పోతుంది. నువ్వొచ్చే రోజుకి సరిగ్గా సున్నా మీద పెడుతున్నా. ఒక్కసారైనా నీకు తప్పు చూపించిందా?"

నా నోరు ఆగలేదు.

"పక్కకి పోవడానికే పెట్టాం! అది పోతేనే కదా గోడ కదిలిందని తెలిసేది! ముట్టుకోవద్దని నెత్తీ నోరూ బాదుకుని చెప్పానా లేదా?"

"పిల్లలు ముట్టుకోకూడదన్నావు. నేను యాభై ఏళ్లు గడియారాలు చూసినవాణ్ణి."

"మనది కాని దాంట్లో వేలు పెట్టొద్దని చెప్తూనే ఉన్నాను మామయ్యా" అని కోడలు తల పట్టుకుంది.

"తప్పు చూపిస్తుంటే చూస్తూ ఊరుకోమంటావా అమ్మా?"

పదకొండు వారాల పని బూడిదలో పోసిన పన్నీరైందని అక్కడే కూలబడ్డాను. అప్పుడాయన బల్ల సొరుగులోంచి ఒక చేతిపుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. విప్పిన ప్రతి గడియారానికీ తేదీ వేసి, ఏ మర ఎటు ఎంత తిప్పిందీ రాయడం ఆయనకి అలవాటట. "రేపు ఇంకొకడు విప్పితే వాడికి తెలియాలిగా" అన్నాడు. చివరి పేజీలో 'మెట్రోవాళ్ల గోడ వస్తువు' అని రాసి ఉంది. దాని కింద వరసగా తేదీలు, గుర్తుని ఎంత వెనక్కి జరిపిందీ. అర గీత, అర గీత, ముప్పావు గీత. ఒక్క వారమూ తప్పలేదు. అన్నీ ఒకే వైపు. ఇవాళ్టిదీ కలిపితే ఆరున్నర మిల్లీమీటర్లు. ఐదు దాటితే మిషను ఆపాలి, ఇల్లు ఖాళీ చేయించాలి.

చీఫ్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"ముసలాయన చేతిరాతని కొలతంటావా?"

"మన రిజిస్టరు కంటే నయంగా ఉంది సార్."

"ఇప్పుడు బిళ్ళ ఎంత చూపిస్తోంది?"

"సున్నా సార్. ఇప్పుడే సరిచేశారు."

"మరి సున్నాయే రాయి. రెండు రోజుల్లో మిషను దాటిపోతుంది, తర్వాత ఎవడడుగుతాడు? ఇప్పుడు ఆపితే నేలలోకి సిమెంటు ఎక్కించాలి. నాలుగు నెలలు! ప్రారంభం తేదీ చెప్పేశామయ్యా."

నా చేతిలో రిజిస్టరు తెరిచే ఉంది. ఇటు పదహారో నంబరు మూడు మిల్లీమీటర్లు కదిలింది, అటు పద్దెనిమిది రెండున్నర. మధ్యలో ఇదొక్కటే చెక్కు చెదరలేదంటే ఎవడికైనా అనుమానం రావాలి. నాకు రాలేదు. వేరే ఇళ్లలో ఒక గీత ఎక్కువైతే మూడుసార్లు చూసేవాణ్ణి. ఇక్కడ సున్నా కనపడగానే హాయిగా సంతకం పెట్టి, మెట్లు దిగిపోయేవాణ్ణి. అంత అరిచినందుకు సిగ్గేసింది. గోడ పక్కన చంటిది గుప్పిళ్లు మూసుకుని నిద్రపోతోంది.

"ఆరున్నర రాస్తున్నా సార్."

"పదకొండు వారాలు ఏం చేశావని అడిగితే నీ ఉద్యోగం ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు సార్. సంతకాలన్నీ నావే."

ఫోన్ పెట్టేశాడు. నేను ఆరున్నర రాశాను.

మధ్యాహ్నానికి సామాను వీధిలోకి దించాం. కోడలు చంటిదాన్ని ఎత్తుకుని ఆటో కోసం నిలబడింది. తాతగారు అరుగు మీద గడియారాల మధ్య కూర్చున్నారు, ఒక్కదాని వైపూ చూడకుండా. మొదటి రైలు దిగినవాళ్లు సంచులతో వస్తూ మంచాలు అడ్డం కనపడి ఆగారు. బేకరీ ఆయన కూడా వచ్చాడు.

"మళ్లీ ఆగిందా? ఈసారి ఎవరి వల్ల?"

తాతగారు లేచారు. "నా వల్లే నాయనా. ఆ మరలు నేనే..."

"మీరు కూర్చోండి" అని ఆయన భుజం పట్టుకుని కూర్చోబెట్టాను. రాయి వల్ల, బురద వల్ల, కాంట్రాక్టరు వల్ల అని ఇరవై రెండేళ్లు చెప్పిన నోరు నాది.

"నా వల్ల" అన్నాను. "చూడాల్సింది నేను. చూడలేదు."

అందరూ ఒకేసారి తిట్టడం మొదలుపెట్టారు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, చివరిదాకా నిలబడి విన్నాను.