బలపరిచినవారు పేర్రాజు గారు

నేను ఒక మినిట్స్ పుస్తకాన్ని. గోదావరి ఒడ్డున అన్నదమ్ములిద్దరు పెట్టిన పెంకుల కంపెనీలో సమావేశాల సంగతులు రాసిపెట్టడానికి, రాజమండ్రి బైండింగు షాపులో ఎర్ర గుడ్డ అట్టతో పుట్టాను. మొదటి ఇరవై ఏళ్లలో నేను ఒక్క సమావేశం కూడా చూడలేదు.

అలాగని నా పేజీలు ఖాళీగా లేవు. గుమస్తా తమ్మయ్య మూణ్ణెల్లకోసారి భోజనమయ్యాక కూర్చుని, పాత పేజీ చూసి కొత్త పేజీ దింపేవాడు. ప్రతిపాదించినవారు గవర్రాజు గారు, బలపరిచినవారు పేర్రాజు గారు, ఏకగ్రీవం. అన్న గవర్రాజుది వందలో అరవై వాటా, తమ్ముడు పేర్రాజుది నలభై. అన్న చదవకుండానే సంతకం పెట్టేవాడు. తమ్ముడు నన్ను తెరిచి ఎరగడు. "అన్నయ్యున్నాడు కదా, నాకెందుకూ" అనేవాడు.

ఆ తమ్ముడు మాఘంలో పోయాడు. వాటా అతని భార్య మాణిక్యాంబకు వచ్చింది. నెల తిరగకుండా గవర్రాజు తమ్మయ్యను పిలిచి, "కొత్త వాటాలు పుట్టించి మా అబ్బాయి పేర రాసెయ్. ఆవిడది ఎనిమిదికి దిగిపోవాలి" అన్నాడు. ఆ ఎనిమిదితో ఆమె మాట ఎవరు వింటారు? పెత్తనం చేతిలో ఉన్నవాడు చిన్న వాటాదారుకు కాపలా ఉండాలి. ఇక్కడ కంచే చేను మేసింది. ఆ తీర్మానం రాసింది నా ఒంటి మీదే గనుక నాకూ సిగ్గేసింది.

పుస్తకం చూసే హక్కు వాటాదారుకు ఉందని ఎవరు చెప్పారో గానీ, ఒక ఉదయం మాణిక్యాంబ ఆఫీసుకొచ్చి నన్ను అడిగి తీసుకుంది. వరస వెంట వేలు పెట్టి చదివింది. వేలు ఒకచోట ఆగిపోయింది. తమ్మయ్య చెయ్యి అలవాటు మానలేదు. బలపరిచినవారు పేర్రాజు గారు!

"బావగారూ, ఈ తారీకు ఆయన పోయిన ఇరవయ్యో రోజండీ. ఆ రోజు ఆయన ఏ కుర్చీలో కూచున్నారండీ?"

గవర్రాజు తమ్ముడి పేరు మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. సిగ్గో, కోర్టు భయమో నాకు తెలియదు. కొత్త వాటాలు మాత్రం రద్దు చేశాడు.

తర్వాతి నెల నిజంగానే సమావేశం జరిగింది. ఎదురెదురుగా రెండు కుర్చీలు వేశారు. పాత బట్టీ పడగొడదామని గవర్రాజు ప్రతిపాదించాడు.

"నాకిష్టం లేదండీ. నేనొప్పుకోలేదని రాయండి, తమ్మయ్యగారూ" అంది మాణిక్యాంబ.

అరవై ముందు నలభై ఓడింది. బట్టీ పోయింది. తమ్మయ్య ఆమె అన్నది అన్నట్టే రాశాడు.

అదే నా ఆఖరి పేజీ. ఇప్పుడు బీరువాలో ఉన్నాను. నా పేజీలన్నిటిలో నిజమైంది ఆ ఒక్కటే. అందులో ఏకగ్రీవం అన్న మాట లేదు.