ఆవిరి పడవకు పరదాలు

మా రాజుగారికి పిచ్చి పట్టిందని ఊరంతా చెప్పుకున్నారు. నేను కాదనలేదు. నాకూ అదే పిచ్చి మరి.

ఎవరో దొర పందేల కోసం చేయించుకున్న ఆవిరి పడవ అది. ఒకప్పుడు గోదావరి మీద దాన్ని దాటిన పడవ లేదట. దొర సీమకు వెళ్ళిపోయాక గాలివానకు మునిగి, ఒండ్రులో కూరుకుపోయి, చివరకు వేలంలో మా ఆయన ఆంజనేయరాజుగారి చేతికి వచ్చింది. ఇంజను ఊడదీసి భీమవరం దగ్గరి మా ఊరికి బండి మీద తెచ్చి, పశువుల పాకలో దింపించారు. గేదెలు ఆరుబయటకు మారాయి. మా అత్తగారు బుల్లెమ్మగారు వాటి వైపు చూసినప్పుడల్లా కొడుకును తిట్టేవారు.

మాది గోషా ఇల్లు. పాక నా గది గోడకు అవతలే ఉన్నా, ఇంజను ఒక్కసారీ నా కంట పడలేదు. ఏడాదిపాటు దాన్ని చెవులతోనే చూశాను. సిలిండరు తుప్పు గీకే చప్పుడు వేరు, కవాటాలు నూరే చప్పుడు వేరు. కొత్త పిస్టను రింగులు అతికినట్టు సరిపోయిన రోజున కమ్మరి సత్తియ్య వేసిన కేకకు నేను గదిలో ఒక్కదాన్నే గెంతాను. భోజనాల దగ్గర ఆయన మసి గోళ్ళు తిప్పుతూ ఆ రోజు పని చెబుతుంటే వడ్డించడం మరిచిపోయేదాన్ని.

పడవనూ బాగుచేయించి మా ఊరి కాలవకు తెప్పించి, ఇంజను బిగించి పరీక్ష పెట్టారు. పడవ దూసుకుపోయిందట. కిటికీ సందులోంచి నాకు కనిపించింది పొగ మాత్రమే. అయినా సంతోషం పట్టలేక ఏడ్చాను.

అత్తగారికి మాత్రం నమ్మకం కుదరలేదు. శివరాత్రికి అందరం దానిమీదే పట్టిసీమ వెళ్ళాలన్నారు. దారిలో ఆగిపోయి పట్టిసీమ చేరకపోతే ఇంజను ఊడదీయించి, అందులోని కంచు కరిగించి వీరభద్రుడికి గంట పోయిస్తానని మొక్కేసుకున్నారు. ఆ మాట చుట్టాలందరికీ చెప్పారు. ఆవిడ మొక్కుకు తిరుగులేదు.

ఆడవాళ్ళు ఎక్కాలంటే పరదాలు ఉండాలి కదా. ఇంజను దగ్గర సత్తియ్య, బొగ్గు వేసే లాజరు ఉంటారు. అందుకని ఇంజను చుట్టూ నాలుగు వైపులా మందపాటి గుడ్డ కట్టించారు. మగవాళ్ళు ఆ లోపల, మేము వెనక. కాలవ గట్లు కోసుకుపోతాయని నిదానంగా నడిపారు. విజ్జేశ్వరం లాకు దాటి గోదావరిలోకి రాగానే ఆయన ఆవిరి పూర్తిగా వదిలారు. పడవ ముక్కు పైకి లేచింది. నా గుండె దానికన్నా ముందు పరుగెత్తింది. నిప్పురవ్వలు ఎగిరి పరదా మీద పడుతుంటే, అంటుకుంటుందని అత్తగారు ఆ గుడ్డలన్నీ నీళ్ళతో తడిపించారు.

కాసేపటికే ఇంజను దగ్గడం మొదలుపెట్టింది.

"కవాటం పట్టేసినట్టుందండి," లోపల సత్తియ్య అన్నాడు.

"పట్టదు. దగ్గరుండి నూరించాను," మా ఆయన అన్నారు. "బొగ్గు తడిసిందేమో చూడు లాజరూ."

"పొడిగానే ఉందండి. మంటే లేవట్లేదండి."

పడవ ఆగి, మెల్లగా వెనక్కి జారసాగింది. అంతలో మొగల్తూరు నుంచి వస్తున్న అత్తగారి తమ్ముడు పల్లంరాజుగారి తెరచాప పడవ మమ్మల్ని దాటింది.

"గంట పెద్దదే వస్తుందండీ అల్లుడుగారూ," అని ఆయన నవ్వుతూ వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పరదా కిందినుంచి వస్తున్న పొగకు కళ్ళు కూడా మండాయి. వంటింటి కిటికీలు మూస్తే పొయ్యి ఇలాగే పొగ చూరుతుంది. పరీక్ష నాడు ఈ పడవకు పరదాలు లేవు.

"అత్తయ్యగారూ, పొయ్యికి గాలాడట్లేదండి. పరదాలు తీసెయ్యాలండి."

"లోపల మగవాళ్ళున్నారండి."

"ఉన్నారండి," అని లేచి తాళ్ళు ఊడలాగేశాను.

తడి గుడ్డలు దబ్బున కింద పడ్డాయి. సత్తియ్య, లాజరు చటుక్కున తలలు దించుకున్నారు. మా ఆయన మాత్రం మసి మొహంతో నన్నే చూస్తూ ఉండిపోయారు.

"నన్ను కాదండి, పొయ్యి చూడండి," అన్నాను.

నది గాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. ఎర్రగా మూలిగే మంట తెల్లగా లేచింది. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు కదిలింది, ఎక్కింది, ఇంకా ఎక్కింది. ఆయన చెయ్యి మీట మీద పడింది. ఏడాదిపాటు గోడ అవతల విన్నదంతా కళ్ళముందు ఒక్కసారిగా కదిలింది. కడ్డీలు తళతళా మెరుస్తూ పైకీ కిందికీ దూకుతున్నాయి. ఇంత అందంగా ఉంటుందని ఆయన ఎన్నడూ చెప్పలేదు. నేను నవ్వుతున్నానో అరుస్తున్నానో నాకే తెలియలేదు.

దూరాన పల్లంరాజుగారి తెరచాప కనిపించింది. మా ఆయన తల్లి వైపు తిరిగారు.

"అమ్మగారూ, ముందు మామయ్యగారి పడవండి. పరదాలు మళ్ళీ కట్టించమంటారా?"

అత్తగారు తెరచాప వైపు చూశారు. నా వైపు చూశారు. కింద పడ్డ గుడ్డల్ని కాలితో పీట కిందికి తోసేశారు.

"మా తమ్ముడి వెనకాల పట్టిసీమలో దిగనండి. పోనివ్వండి," అన్నారు.

లాజరు పార నిండా బొగ్గు వేశాడు. తెరచాప పడవ పక్కకు వచ్చేశాం. పల్లంరాజుగారు, ఆయన మనుషులు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. అలవాటుగా నా చెయ్యి చెంగు మీదికి వెళ్ళింది. కాని కప్పుకుంటే ఇంజను కనిపించదు. చెంగు వదిలేశాను.